ఊకి అంటే ఊడ్చి అని దిద్దిన రాత్రి

పోయిన చలికాలం ఎనిమిది మందిమి మూడు రోజులు హైదరాబాదు ఊరవతలికి పోయి కూర్చుని రాసుకున్నాం. వాట్సాప్ గ్రూపుకు ‘రైటర్స్ రిట్రీట్’ అని ఘనంగా పేరు పెట్టుకున్నాం గానీ, నిజానికది మాలో ఒకాయన బావమరిది ఫామ్‌హౌస్. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డు పట్టి, పాత మర్రిచెట్ల కింద నుంచి కొంతదూరం పోయాక ఎడమచేతి వైపు మట్టిదారిలోకి దిగాలి. రెండు గదులు, ఒక హాలు, వరండా. కాపలా ఆయన భార్య చేసిపెట్టే జొన్నరొట్టె, పచ్చిపులుసు. వైఫై హాల్లో మాత్రమే అందుతుంది.

ఏర్పాటు ఇదీ. పగలు ఎవరి మూల వాళ్లు చూసుకుని రాయాలి. సాయంత్రం ఏడింటికి ఆ రోజు రాసింది గూగుల్ డాక్స్‌లో పెట్టి లింకు గ్రూపులో వెయ్యాలి. రాత్రి మిగతావాళ్లు చదివి, తోచింది అందులోనే రాయాలి. ఈ పద్ధతి చెప్పింది నేనే. అందరి ఎదుటా నోటితో విమర్శిస్తే ముఖాలు మాడతాయి, రాసి ఇస్తే నింపాదిగా చదువుకోవచ్చు అని వాదించాను. అలా మొదటి రాత్రి ఎనిమిది మందీ ఒకే హాల్లో గోడలకు చేరగిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఫోన్లలో తలలు దూర్చి కూర్చున్నాం. నేను ఇక్కడ కామెంటు పెడితే నాలుగడుగుల అవతల ఆ మనిషి ఫోను కుయ్యిమనేది. ఆయన ఉలిక్కిపడి చూసేవాడు. నేను సీలింగ్ ఫ్యాను వంక చూసేవాణ్ణి.

మాలో అందరికంటే చిన్నది జనగామ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుకుంటోంది. అదే తన మొదటి కథ. అంతకుముందు ఎవరికీ చూపించలేదట. కథ మొదటి వాక్యం ఇలా ఉంది: “పొద్దు పొడవకముందే అవ్వ వాకిలి ఊకి సాన్పు జల్లింది.”

నేను తెనాలి వాణ్ణి. పద్దెనిమిదేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాను. పగలంతా ప్రకటనల తెలుగు దిద్దే ఉద్యోగం. తప్పు కనపడితే వేలు దానంతటదే కదులుతుంది. ‘ఊకి’ని టైపు పొరపాటు అనుకుని ‘ఊడ్చి’ చేశాను. ‘సాన్పు’ తీసి ‘కళ్లాపి’ పెట్టాను. ‘జల్లింది’ని ‘చల్లింది’ చేశాను. డాక్స్‌లో సజెషన్ మోడ్ అని ఒకటుంటుంది, తెలిసినవాళ్లకు తెలుసు. పాత మాట మీద గీత పడి, పక్కనే కొత్త మాట రంగులో కనపడుతుంది. రాసినవాళ్లు టిక్కు నొక్కితే చాలు, మన మాట వాళ్ల కథలో కూర్చుంటుంది. కలం పట్టి ఎర్రసిరాతో దిద్దడం కంటే ఇది మర్యాదగా అనిపిస్తుంది. అడిగినట్టే ఉంటుంది కదా.

రెండో పేజీలో “అవ్వ మల్ల నీళ్లోసుకున్నది” అని ఉంది. అక్కడ మార్జిన్‌లో నేను పెట్టిన కామెంటు ఇప్పటికీ మావాళ్లు చెప్పుకుని నవ్వుతారు: “అవ్వకు ఈ వయసులో కడుపేమిటి? పాత్రల వయసులు సరిచూసుకోండి.”

మా వైపు అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో, ఎవరో ఒక ముసలావిడ. ఆ పిల్ల ఊళ్లో అవ్వ అంటే అమ్మ. పద్దెనిమిదేళ్లు ఈ ఊరి నీళ్లు తాగి ఆ ముక్క నాకు తెలియలేదు. తెలియకపోతే అడగొచ్చు. అడగకుండా దిద్దాను.

మొత్తం అరవై మూడు దిద్దుబాట్లు. ‘వచ్చిండు’లన్నీ ‘వచ్చాడు’లయ్యాయి. ‘తొవ్వ’ దారి అయింది. ‘కైకిలి’ కూలిపని అయింది. ‘ఆనపకాయ’ సొరకాయ అయింది. పని బాగా చేశానన్న తృప్తితో పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే అర్ధరాత్రి దాటాక ఆమె ‘అన్నీ ఆమోదించు’ నొక్కినట్టు కనపడింది. ఒక్కటి కూడా కాదనలేదు.

టీలప్పుడు వరండాలో ఆ కథను పైకి చదవమన్నాం. చదివింది. మొదటి వాక్యంలోనే ‘కళ్లాపి’ దగ్గర నాలుక తడబడింది. ఆ తర్వాత స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు ఒకే గొంతులో మూడు పేజీలు చదివేసింది. ముందురోజు కారులో వస్తూ ఇదే కథను తన మాటల్లో చెబితే డ్రైవింగ్ చేస్తున్నాయన బండి పక్కకు ఆపి విన్నాడు. ఇప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన బిస్కెట్టు టీలో ముంచి మరిచిపోయాడు, అది విరిగి అడుక్కు దిగింది. ఆమే అంది: “మంచిగనే అయింది గద సార్. తప్పులన్ని పోయినయ్.”

ఆ మాట నాకు ఇంకా వినపడుతూనే ఉంటుంది. కొంతవరకు ఈ వ్యాసం అందుకే.

అసలు చిత్తుప్రతిని విమర్శించే అలవాటు మనకు ఎక్కడుంది? ఈ ఊళ్లో సాహిత్య సభలకు కొదవ లేదు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ. ఆదివారం వస్తే ఏదో ఒక పుస్తకం ఆవిష్కరణ ఉంటుంది. అక్కడ వేదిక మీద శాలువా, కింద చప్పట్లు. సభ అయిపోయాక ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టీ తాగుతూ అదే పుస్తకాన్ని చీల్చి చెండాడతాం. వేదిక మీద చెప్పింది రచయితకు పనికిరాదు, టీ దగ్గర చెప్పింది రచయితకు చేరదు. చేరినా ఏం లాభం, అప్పటికే పుస్తకం అచ్చయి అట్టపెట్టెల్లో మంచం కింద ఉంటుంది. నాకు తెలిసిన కథకుల్లో ఎక్కువమంది సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకున్నవాళ్లే. డీటీపీ చేసేవారున్నారు, ప్రూఫులు చూసేవారున్నారు. ‘ఈ కథ మూడో పేజీలో మొదలవుతోంది, ముందు రెండు పేజీలు తీసెయ్’ అని చెప్పే ఎడిటర్ ఎంతమందికి దొరికాడు? అందుకే నలుగురు కూర్చుని చిత్తుప్రతులు మార్చుకోవడం అనే పని మనకు సరదా వ్యవహారం కాదని అనుకుంటాను. దాన్ని ఎలా చేస్తామన్నదాని మీద ఇంత చర్చ పెట్టడం కూడా అందుకే.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు చెబుతాను. కథ లోపల, వాక్యం పక్కన, చదువుతూ చదువుతూ వ్యాఖ్య పెట్టే వీలు ఉన్నంతకాలం మనం చదవం, దిద్దుతాం. మొదటి రాత్రి ఎనిమిది డాక్యుమెంట్లలో పడ్డ వ్యాఖ్యలన్నీ తర్వాత తిరగేశాను. దాదాపు అన్నీ మాట గురించో వాక్యం గురించో. ‘ఇక్కడ కామా’, ‘ఈ పదం రిపీట్’, ‘క్రియ చివర్లో వస్తే బాగుంటుంది’. కథలో కొడుకు ఎందుకు ఇల్లు వదిలి వెళ్లాడో నాకు అర్థం కాలేదు అని ఒక్కరూ రాయలేదు. నాలుగో పేజీలో విసుగొచ్చి ఫోన్ పక్కన పెట్టాను అని రాయలేదు. విసుగు పుట్టింది మొత్తం కథలో, దాన్ని ఏ మాట పక్కన అతికించాలి? మార్జిన్‌లో ఆ మాటకు చోటే లేదు. పైగా ముందు చదివినవాళ్ల వ్యాఖ్యలు కుడిపక్కన కనపడుతుంటే మన కళ్లు కథ వదిలి అటే పోతాయి. నాలుగో మనిషి చదివేసరికి అక్కడ ఉండేది కథ కాదు, కథ చుట్టూ జరుగుతున్న పంచాయితీ.

మనకు అవధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు, అంటే ఎదురుగా కూర్చుని ప్రశ్నించేవాడు, తర్వాతి అక్షరం ఏది రాబోతోందో ఊహించి దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఇంకో దారి వెతుక్కోవాలి. అక్షరం అక్షరానికీ అడ్డు. చూడ్డానికి భలే ఉంటుంది. చిన్నప్పుడు తెనాలిలో మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను, ఏమీ అర్థం కాకపోయినా జనంతో పాటు చప్పట్లు కొట్టాను. ఆ ఆటలో అవధాని నిలబడతాడంటే, ఛందస్సూ నిఘంటువూ నాలుక మీద ఉంటాయి గనక. అవతలివాడు అడ్డుపడతాడని తెలిసి, అందుకే ఏళ్ల తరబడి సాధన చేసి వస్తాడు. మొదటి కథ రాసిన పిల్లకు ఆ కవచం ఎక్కడుంది? ఏడుగురు పృచ్ఛకులం ఒక్కసారే మీదపడి, ఈ అక్షరం వద్దు, ఆ అక్షరం వద్దు అన్నాం. ఆమె మేమన్నదల్లా సరేనంది. పైగా ఎనిమిదో అంశం అప్రస్తుత ప్రసంగం, అంటే సంబంధం లేని మాటలతో మధ్యలో దూరడం, అది కూడా నేనే చేశాను, ఆ అవ్వ కడుపు కామెంటుతో.

ఇది సాంకేతికం గురించిన గొడవ మాత్రమే అయితే సజెషన్ మోడ్ ఆపేస్తే పోయేది. కానీ నేను దిద్దింది కామాలు కాదు. ఒక ప్రాంతం మాటను తీసి ఇంకో ప్రాంతం మాటను పెట్టాను, దానికి ‘సరైన తెలుగు’ అని నాలో నేనే పేరు పెట్టుకున్నాను. అది కూడా ఎక్కడ? హైదరాబాదు పక్కన.

ఈ ఊరికి ఈ విషయంలో జ్ఞాపకశక్తి ఎక్కువ. సర్కారు పనంతా ఉర్దూలో నడిచే నిజాం కాలంలో, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు ఇక్కడివాళ్లు. సుల్తాన్‌బజార్‌లో ఇప్పటికీ ఉంది. 1921లో వివేకవర్ధినిలో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఇక్కడి తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టింది. సరే, అది వేరే భాషల వాళ్ల మధ్య జరిగిన అవమానం. ఆ తర్వాతది సాటి తెలుగువాళ్ల నుంచి. తెలంగాణలో కవులే లేరన్న అర్థం వచ్చేలా ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను పోగేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. కాదని వాదిస్తూ వ్యాసం రాసి ఊరుకోలేదు, పేర్లూ పద్యాలూ తెచ్చి ముందు పడేశారు. నాకు ఆ జవాబు పద్ధతి చాలా ఇష్టం.

గ్రాంథికం మీద గిడుగు రామమూర్తి చేసిన పోరాటం మనందరం పాఠాల్లో చదువుకున్నాం. ఆయన పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. సరిగ్గా పదకొండు రోజులకు, సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజు, అది తెలంగాణ భాషా దినోత్సవం. వాడుక భాష గెలిచాక ఎవరి వాడుక అన్న ప్రశ్న మిగిలిపోయిందని ఆ రెండో తేదీ గుర్తు చేస్తుంది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఆ ప్రశ్నకు మా కృష్ణా గుంటూరు వైపు మాటలతోనే జవాబిచ్చాయి. నేను ఆ జవాబులోనే పుట్టి పెరిగాను కాబట్టి నాకు ప్రశ్న ఉందనే తెలియలేదు. చేప నీళ్లను చూడదు అంటారే, ఆ బాపతు. కథలో సంభాషణలకు మాండలికం ఉండొచ్చు, కథనం మాత్రం ‘అందరికీ అర్థమయ్యే’ భాషలో ఉండాలి అని ఇప్పటికీ పెద్దపెద్దవాళ్లు సలహా ఇస్తుంటారు. ఆ అందరిలో జనగామ అవ్వ ఉందా లేదా అని అడిగితే మాత్రం విషయం మారుస్తారు.

రెండో రోజు, తప్పు దిద్దుకోవాలనే ఆవేశంలో, నేను ఇంకో తప్పు చేశాను. ఫోన్లు పక్కన పెడదాం, పాతకాలం లాగా వరండాలో గుండ్రంగా కూర్చుని పైకి చదివి నోటితోనే చెప్పుకుందాం అన్నాను. అందరూ బాగుందన్నారు. మాలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారున్నారు, మంచి మనిషి, బోలెడు చదువు. ఒక్క కథ మీద నలభై నిమిషాలు మాట్లాడారు. అందులో ముప్పై నిమిషాలు ఆయనే 1980ల్లో రాయాలనుకుని రాయని కథ గురించి. మిగతా నలుగురు మగవాళ్లం ఆయన్ని ఖండించడంలో మునిగిపోయాం. ఇద్దరు ఆడవాళ్లు “బాగుందండీ” అని చెప్పి టీ గ్లాసులు తీశారు. ఆ జనగామ అమ్మాయి అసలు నోరే విప్పలేదు. ముందు రాత్రి ఇదే ముగ్గురూ డాక్స్‌లో రాసిన వ్యాఖ్యలు అందరికంటే పదునుగా ఉన్నాయని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

కాబట్టి తెర చెడ్డది, ముఖాముఖి మంచిది అనే మాట నేను అనను. రచ్చబండ దగ్గర ఎవరి గొంతు గెలుస్తుందో మనకు తెలియంది కాదు. టైపు చేసిన వ్యాఖ్యకు వయసు కనపడదు, మీసం ఉండదు, మధ్యలో అడ్డుపడేవాడుండడు. లెక్చరర్ గారి వాక్యం పక్కనే ఆ పిల్ల వాక్యం అదే సైజు అక్షరాల్లో ఉంటుంది.

అమెరికావాళ్లు ఈ పనిని చాలా ముందే ఒక చదువుగా మార్చారు. అయోవా విశ్వవిద్యాలయం రైటర్స్ వర్క్‌షాప్ 1936 నాటిది. 1956లో పెన్సిల్వేనియాలోని మిల్ఫర్డ్‌లో మొదలైన సైన్స్ ఫిక్షన్ రచయితల సమావేశం నుంచి ఒక నియమం ప్రచారంలోకి వచ్చింది: గుండ్రంగా కూర్చోవాలి, ఒకరి తర్వాత ఒకరు తమ వంతు చెప్పాలి, అందరిదీ అయ్యేదాకా రాసినవాళ్లు మాట్లాడకూడదు. కథ తనను తాను సమర్థించుకోవాలి గానీ రచయిత వెంటపడి వివరించకూడదని దాని వెనక ఉన్న ఆలోచన. వినడానికి బాగానే ఉంది. మా రెండో రోజు వరండాలో ఈ నియమం పెట్టి ఉంటే లెక్చరర్ గారు కనీసం వంతుకు కట్టుబడేవారు. కానీ మొదటి రాత్రికి ఇదే నియమం పెడితే? అవ్వ అంటే అమ్మ అని చెప్పే అవకాశం ఆ పిల్లకు చివరిదాకా ఉండేది కాదు. ఏడుగురం ఏడు వంతులూ ముసలావిడ గర్భం మీదే మాట్లాడేవాళ్లం. చదివేవాళ్లకు తెలియని ఊరి నుంచి వచ్చినవాళ్లకు మౌనం శిక్షే.

దీనికి తిరగేసిన పద్ధతి ఒకటుంది. లిజ్ లెర్మన్ అనే నృత్య కళాకారిణి 1990లో తయారుచేసింది. అందులో ముందు చూసినవాళ్లు తమకు ఏది పట్టుకుందో చెబుతారు. తర్వాత కళాకారులే ప్రశ్నలు అడుగుతారు. ఆ తర్వాత చూసినవాళ్లు, అభిప్రాయం దాచిపెట్టని ఉత్త ప్రశ్నలు అడుగుతారు. చివరికి అభిప్రాయం చెప్పాలంటే “ఫలానా దాని మీద నాకో అభిప్రాయం ఉంది, వింటారా?” అని అడిగి చెప్పాలి. మొదట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత మర్యాద ఉండదు. కానీ ‘అభిప్రాయం లేని ప్రశ్న’ అడగడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి. “అవ్వకు ఈ వయసులో కడుపేమిటి?” అనేది ప్రశ్న కాదు. “ఈ కథలో అవ్వ ఎవరు?” అనేది ప్రశ్న. మొదటిది రాయడానికి నాకు ఐదు సెకన్లు పట్టింది. రెండోది రాయాలంటే నాకు తెలియదని ముందు నేను ఒప్పుకోవాలి.

మూడో రోజుకు మేము చేసిన మార్పులు పెద్దవేమీ కావు. డాక్యుమెంట్లన్నీ ‘చదవడానికి మాత్రమే’ చేశాం. లోపల ఎవరూ వేలు పెట్టలేరు. పైన రాసినవాళ్లు ఒక ప్రశ్న రాయాలి, ఒక్కటే. చదివినవాళ్లు మొత్తం చదివి, ఫోన్ మూసి, వరండాలో ఓ రెండు చుట్లు తిరిగి వచ్చి, వేరే పేజీలో ఉత్తరంలా రాయాలి. రాయడం అయ్యేదాకా మిగతావాళ్ల ఉత్తరాలు చూడకూడదు. ఆ రాత్రి వ్యాఖ్యల సంఖ్య మూడోవంతుకు పడిపోయింది. మొదటిసారి ఒకరు నాకు “మీ కథలో తండ్రి చచ్చిపోయినా నాకు ఏమీ అనిపించలేదు” అని రాశారు. రాసింది “బాగుందండీ” అన్న ఇద్దరిలో ఒకావిడ.

ఇవన్నీ చేసినా తేలని సంగతులు ఉన్నాయి. ‘ళ’ రాయాల్సిన చోట ‘ల’ రాస్తే చెప్పాలా వద్దా? చెప్పాలనే నా అభిప్రాయం, కాకపోతే చివర, కథ గురించి మాట్లాడటం అయ్యాక. ఏది అచ్చుతప్పు, ఏది ఒక ఊరి ఉచ్చారణ అన్నది ఎవరు తేలుస్తారు? రాసినవాళ్లే. వాళ్లను అడగడం తప్ప వేరే దారి నాకు కనపడలేదు. లింకుల సంగతి ఒకటి. ‘లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అని వదిలేస్తే చిత్తుప్రతి ఎక్కడెక్కడో తేలుతుంది. మాలో ఒకాయన సగం రాసిన కవిత ఇంకో వాట్సాప్ గ్రూపులో, పేరు లేకుండా, గుడ్ మార్నింగ్ పూలతో సహా దర్శనమిచ్చింది. పత్రికలకు పంపేటప్పుడు ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదని హామీపత్రం రాసివ్వాలి కాబట్టి ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. మెయిల్ ఐడీలు చేర్చి ఇవ్వండి, రెండు నిమిషాల పని.

ఆ అమ్మాయి కథ సంగతి. డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, ‘అన్నీ ఆమోదించు’ నొక్కినా పాతది ఎక్కడికీ పోదు. రెండో రోజు మధ్యాహ్నం నేనే దగ్గర కూర్చుని తెరిచి చూపించాను. క్షమించమని అడిగాను కూడా, కొంచెం నాటకీయంగానే. ఆమె దానికి పెద్దగా స్పందించలేదు. “అవ్వ అంటే అమ్మనే సార్ మా దిక్కు. అడిగితే నేనే చెప్తుంటి” అని, ఒక్కొక్క దిద్దుబాటూ చూస్తూ వెనక్కి మార్చుకుంది. అరవై మూడింటిలో రెండు ఉంచుకుంది. ఆ రెండూ నిజంగానే టైపు తప్పులు.

మూడో రాత్రి నా కథకు వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే చిన్నది ఆమెదే. నా కథలో మా అమ్మమ్మ ఉంది. తెనాలి పక్క పల్లెటూళ్లో బతికి, అక్కడే పోయిన మనిషి. ఊరి నుంచి వచ్చిన మనవణ్ణి చూసి కథలో ఆవిడ ఇలా అంటుంది: “ఇంత ఆలస్యంగా వచ్చావేమిటి నాయనా? కాళ్లు కడుక్కుని భోజనం చెయ్యి.” ఉత్తరంలో ఆ వాక్యం ఎత్తి రాసి, కింద ఒకే ప్రశ్న: “అన్నా, మీ అమ్మమ్మ నిజంగ ఇట్లనే మాట్లాడేదా?”

సారు అన్నగా మారినందుకు కాసేపు సంతోషించాను. తర్వాత ప్రశ్న మళ్లీ చదివాను. అమ్మమ్మ గొంతు గుర్తు తెచ్చుకోబోతే టీవీలో వార్తలు చదివే ఆవిడ గొంతు వచ్చింది.

రాత్రి పది దాటినా వరండాలోకి పోయి, సిగ్నల్ అందే మూల వెతుక్కుని అమ్మకు ఫోన్ చేశాను. ఏమైందోనని కంగారు పడింది. ఏం లేదమ్మా, నేను ఆలస్యంగా వస్తే అమ్మమ్మ ఏమనేది అని అడిగాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, తన గొంతు పక్కన పెట్టి వాళ్లమ్మ గొంతుతోనే అంది: “ఏందిరా అబ్బాయ్ ఇంత పొద్దుపోయి వచ్చా? కాళ్లు కడుక్కో, అన్నం తిందూగాని.”

తర్వాత తన గొంతులోకి వచ్చి, “ఏం, కథలో మా అమ్మ చేత ఏం మాట్లాడించావురా?” అని అడిగింది. పొద్దున చేస్తానని ఫోన్ పెట్టేశాను.